యూడోరా పేరుకి హాజరు

సర్కారు ఆసుపత్రి,
ట్రినిడాడ్,
ఆగస్టు, 1934.

అమ్మకు,

నీ కూతురు డ్రుసిల్లా ముద్దులతో రాసేది. ఒంటి మటుకు నేను ఇక్కడ క్షేమమే. జ్వరం లేదు, దగ్గు లేదు, తిన్నది ఒంటపడుతోంది. అక్కడ నువ్వూ, తమ్ముడు నథానియేలూ, కంచె దూకే ఆ పొగరుబోతు మేకా దేవుడి దయవల్ల బాగున్నారని తలుస్తాను. ఈ ఉత్తరం తమ్ముడి చేత చదివించుకోకమ్మా. ఆలస్యమైనా సరే, కళ్ళజోడు తుడుచుకుని నువ్వే చదువుకో. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

నువ్వు ఓడ సరంగు చేతికిచ్చి పంపిన కొబ్బరినూనె సీసా, నువ్వుండలు అందాయి. సీసా బిరడా వదులై కాస్త నూనె ఉండల మీద కారింది. అయినా ఒక్కటి కూడా పారేయలేదు. మా ఆడవార్డులో అందరికంటే పెద్ద నర్సు, మా అందరికీ అత్త వరసైన టాంటీ మెల్వినా ఒకటి బుగ్గన పెట్టుకుని, "ఈ చేతులకి ముద్దు పెట్టుకోవాలని ఉందని మీ అమ్మకి రాయవే" అంది. రాస్తున్నాను. నీ మోకాలికి ఉప్పు మూట కాచి కాపడం పెట్టించుకో. తరవాత రమ్ముతో మర్దనా చేయించుకో. రమ్ము మోకాలికే సుమా, గొంతులోకి కాదు. నేను చిక్కిపోయానని నీకు చెప్పినవాళ్ళెవరో గానీ, వాళ్ళు నన్ను చూసి చాలా కాలమై ఉంటుంది. ఇక్కడి మొక్కజొన్న సంకటికి ఎవరూ చిక్కరు.

ఆసుపత్రిలో నర్సులు జుట్లు పట్టుకుని కొట్టుకున్నారని రేవులో ఎవరో అన్నారని రాశావు. కొట్టుకోలేదమ్మా. కొట్టుకుని ఉంటే ఈపాటికి కలిసిపోయి ఉండేవాళ్ళం. జరిగింది వేరు, అది నా వల్ల జరిగింది. ఇక ఏ ఓడకి వస్తున్నావు, మన ఇంటి పైకప్పు వేసే రోజుకి అందుకుంటావా అని అడిగావు. దానికి జవాబు ఆఖరున రాస్తాను. ముందే రాస్తే మిగతాది నువ్వు చదవవు.

ఇక్కడి సెలవుల సంగతి నీకు నేనెప్పుడూ ఉన్నదున్నట్టు చెప్పలేదు. వారానికి ఒక పూట, నెలకి ఒక ఆదివారం, అంతే మాకు. ఏడాదికోసారి ఊరెళ్ళే సెలవు రూల్సులో ఉంది, కాగితం మీద చక్కగా ఉంది. అర్జీ పెట్టుకుంటే మేట్రన్ దొరసాని దాని మీద "ఇప్పుడు వీలుకాదు" అని రాసి తిప్పి పంపుతుంది. ఆవిడ మాత్రం నెలలకు నెలలు ఇంగ్లండు వెళ్ళివస్తుంది, ఓడ ఖర్చులు సర్కారువే. మా ఊళ్ళు కూడా సముద్రం అవతలే ఉన్నాయని, మాకూ అమ్మానాన్నలు ఉంటారని ఆవిడకి తోచదు. మన టొబేగో దీవి పిల్లలం, కరియకూ పిల్లలం, గ్రెనడా పిల్లలం, అందరం క్వార్టర్సు కిటికీల్లోంచి ఓడలు చూస్తూ ఉండేవాళ్ళం.

అప్పుడు టాంటీ మెల్వినాకి ఒక ఆలోచన వచ్చింది. అందరం డబ్బులతో సూసూ చీటీ వేస్తాం కదా, ఈసారి రోజులతో వేద్దాం అంది. అందరూ తమ తమ సెలవు పూటలు చీటీలో వేయాలి, వంతు వచ్చిన మనిషి వాటన్నిటినీ ఒక్కసారే ఎత్తుకుని ఊరు వెళ్ళిరావాలి. ఆమె చూసే రోగుల మంచాల దగ్గర, సెలవు పూట ఉన్నవాళ్ళు మార్చి మార్చి నిలబడాలి. పొద్దున్నే మేట్రన్ పేరు పిలిస్తే వెళ్ళినామె పేరుకి వీళ్ళు "హాజరు, మేడమ్" అనాలి. కనిపెట్టేస్తుందేమోనని నేను భయపడితే టాంటీ నవ్వింది. "పిచ్చిదానా, ఇన్నేళ్ళ బట్టీ నన్ను చూస్తోంది, నిన్న కూడా నన్ను మరో పేరు పెట్టి పిలిచింది. ఆవిడకి మన టోపీలే కనిపిస్తాయి, టోపీ కింద మొహాలు కనిపించవు."

నిజమే. చీటీ మొదలుపెట్టాక అదంతా మాకు నవ్వులాటగానే ఉండేది.

టోపీలో పేర్లు వేసి తీస్తే మొదటి వంతు యూడోరా బెతెల్‌కి వచ్చింది. యూడోరాది కరియకూ. వాళ్ళ నాన్న పోయి కొన్నేళ్ళయింది. సమాధి రాయి చెక్కించి ఇంటి కింద పెట్టారు, ఇంకా నిలబెట్టలేదు. ఆయన కలలోకి వచ్చి, "నా రాయి ఏదే? వాన నా మొహం మీదే పడుతోంది" అని అడుగుతున్నాడట. పెద్దకూతురు చెయ్యి వేస్తే గానీ రాయి నిలబెట్టకూడదు, విందు పెట్టకూడదు. వాళ్ళ ఊళ్ళో అది ఎంత పెద్ద పనో నీకు తెలుసు. అందుకే మొదటి వంతు తనకి వచ్చిందని యూడోరా ఎగిరి గంతేసింది.

అదే వారం నీకు ఒళ్ళు వెచ్చబడిందని తమ్ముడి ఉత్తరం వచ్చింది. నేను యూడోరా దగ్గర కూర్చుని ఏడ్చాను. తను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నువ్వు వెళ్ళవే. బతికున్నవాళ్ళు ముందు. మా నాన్న ఎటూ పోడు, ఇంకో నాలుగు కలల్లోకి వస్తాడు, అంతేగా" అంది. అలా ఆమె వంతు నేను ఎత్తుకున్నాను. ఈస్టరుకి నేను వచ్చింది అలాగమ్మా. నా పని మెచ్చి దొరసాని పంపిందని నీకు అబద్ధం చెప్పాను. నీకు వాస్తవంగా వచ్చింది పడిశమే. నువ్వు నన్ను చూసి మర్నాడే లేచి తిరిగావు, మంగళవారం మేకల పందేలకి కూడా వచ్చావు. పండగ ఆదివారం నాడు చర్చిలో అందరి ముందూ లేచి, "నా బిడ్డ పనికి మెచ్చి దొరసాని సెలవిచ్చింది, దేవుడికి స్తోత్రం" అన్నావు. నేను పాటల పుస్తకంలో తల దూర్చేశాను. ఆ వారం నా పేరుకి ఇక్కడ అందరికంటే ఎక్కువసార్లు హాజరు పలికింది యూడోరాయే.

తిరిగొచ్చాక వంతులు సర్దుకుని యూడోరాకి జూన్‌లో రోజు కుదిరింది. కరియకూ వెళ్ళే తెరచాప ఓడ, ఆ స్కూనరు, తెల్లవారాక బయల్దేరుతుంది. ఆ పొద్దున ఆమె మంచాల దగ్గర నిలబడి ఆమె పేరు పలకాల్సింది నేను.

సరిగ్గా ముందురోజు మేట్రన్ నన్ను తన గదికి పిలిపించింది. ఆడవార్డుకి పెద్దగా ఉండే సిస్టరు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతోంది, ఆ చోట ఎప్పుడూ ఇంగ్లండు వాళ్ళే ఉంటారు, ఈసారి తాత్కాలికంగా ఇక్కడి అమ్మాయిని పెట్టి చూస్తాను, నిన్నే అనుకుంటున్నాను అంది. అంటూ మొదటిసారి నా మొహం వంక తేరిపార చూసింది. "ఇకనుంచి నిన్ను గుర్తుపడతాను" అంది. నాకు గాల్లో తేలినట్టయింది. మెట్లు దిగుతుంటే భయం పట్టుకుంది. రేపు ఈవిడ నన్ను గుర్తుపడుతుంది కదా!

అప్పుడే టాంటీ దగ్గరికి వెళ్ళి, నా బదులు ఇంకొకరిని నిలబెట్టండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. చెబితే సిస్టర్లు మాత్రమే పెట్టుకునే బెల్టు నాకు రాబోతున్న సంగతి చెప్పాలి. దొరసాని పెంపుడు పిల్లవైపోయావే అని ఆటపట్టిస్తారని సిగ్గుపడ్డాను. రోజూ గుమ్మంలోంచి చూసి పోయే మనిషి రేపు మాత్రం దగ్గరికి వస్తుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. యూడోరా నన్ను వాటేసుకుని, "మా నాన్నకి నీ పేరు చెప్తాలే" అని మూట పట్టుకుని వెళ్ళిపోయింది. అప్పుడు కూడా చెప్పలేదు.

పొద్దున్నే మేట్రన్ వచ్చింది. "నర్స్ యూడోరా బెతెల్!" అంది. నేను దుప్పటి సర్దుతూ తల వంచుకున్నాను. నోటిదాకా వచ్చిన మాట పైకి రాలేదు. రెండోసారి పిలిచింది. మంచం మీద ముసలామె నా గౌను అంచు లాగుతోంది. వార్డంతా నా వంకే చూస్తోంది. మేట్రన్ బూట్లు టకటకలాడించుకుంటూ నా ముందుకొచ్చి ఆగింది.

"నువ్వా? ఇవాళ నీకు సెలవు పూట కదా?"

అమ్మా, అప్పుడు నేనేమన్నానో వినాలి నువ్వు. "ఈ మంచాల దగ్గర ఎవరూ లేరని చూసి నిలబడ్డాను, మేడమ్" అన్నాను.

ఆవిడ మిగతావాళ్ళ వైపు తిరిగి, "చూశారా? బాధ్యతంటే ఇదీ" అంది. వెంటనే రేవుకి మనుషుల్ని తోలింది. గాలి లేక స్కూనరు ఇంకా కదలలేదట. యూడోరాని పట్టుకొచ్చి పెరట్లో అందరి ముందూ నిలబెట్టారు. ఊరెళ్ళడానికి తొడుక్కున్న కొత్త గౌను, చేతిలో మూట. దొరసాని మూట విప్పించింది. రాయి మీద కప్పే తెల్ల గుడ్డ, నేల మీద చిలకరించే రమ్ము సీసా, కొవ్వొత్తులు. "ఓహో, షికారుకా?" అంది దొరసాని. "ఎవరి అనుమతితో వెళ్ళావు? నీకు సాయం చేసిందెవరు?"

యూడోరా అందరి వంకా చూసింది. ఆఖరున నా వంక చూసింది. ఒక్క మాట అంటే చాలు, మేమందరం పోయేవాళ్ళం, అందరికంటే ముందు నేను. టాంటీ మెల్వినా ఏదో చెప్పబోతుంటే యూడోరా ఆమె కాలు తొక్కింది. "ఎవరూ లేరు, మేడమ్. నా అంతట నేనే వెళ్ళాను" అంది. మేట్రన్ నా వైపు తిరిగి, "నీకేమైనా తెలుసా?" అంది. తెలియదన్నాను.

యూడోరా సెలవు పూటలన్నీ రద్దు చేసి, పెరటి చివర అంటుజ్వరాల ఫీవర్ వార్డుకి వేశారు. నాకు బెల్టు వచ్చింది, వెండి బకిలు. సిస్టర్లకి మాత్రం ఊరెళ్ళే సెలవు అడగకుండానే వస్తుంది. నిజమైన సెలవు, సంతకంతో వచ్చిందమ్మా, పైకప్పు రోజుకి వచ్చేస్తాను అని జూలైలో నీకు గొప్పగా రాశానే, ఆ సెలవు ఇదే. 

నన్నెవరూ తిట్టలేదు. తిడితే భరించేదాన్ని. "ఒసే డ్రుసీ, ఇటు రావే" అనే నోళ్ళు "సిస్టర్ గారూ, మీరు" అనడం మొదలుపెట్టాయి. నేను భోజనాల గదిలోకి వెళితే అందరూ లేచి నిలబడేవాళ్ళు. ఉప్పుచేప గిన్నె ముందు నా దగ్గరికే పంపేవాళ్ళు. నేను వడ్డించుకుని, తిని, లేచి వెళ్ళేదాకా ఒక్కరూ పెదవి విప్పరు. చీటీ ఎత్తుకుని ఎగ్గొట్టినవాళ్ళని మన ఊళ్ళో ఎలా చూస్తారో నీకు తెలుసు. వాళ్ళు డబ్బే ఎగ్గొట్టారు.

ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. పైకప్పుకి చేసాయం ఎవరెవరు వస్తామన్నారో రాశావు. ముసలి మోజెస్ గారు నిచ్చెన ఎక్కలేకపోయినా, ఎప్పుడో నాన్న ఆయన కందచేలో ఒక రోజు తవ్విపెట్టాడు కనక, కనీసం నిచ్చెన పట్టుకుని నిలబడతానన్నాడని రాశావు. నాన్న పోయాక కూడా ఆయన ఆ రోజు మర్చిపోలేదు. నేను ఆ ఉత్తరం మడిచి సెలవు కాగితం పక్కన పెట్టాను. తరవాత లేచి ఉతుకుడు పెరట్లోకి వెళ్ళాను.

యూడోరా మొహానికి కట్టుకునే గుడ్డలు మందు నీళ్ళలో జాడిస్తోంది. టాంటీ మెట్టు మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటోంది.

"యూడోరా, నా సెలవు రోజుల్లో నువ్వు ఊరెళ్ళు" అన్నాను.

"తమరి పేరున వచ్చిన సెలవు కదా సిస్టర్ గారూ. తొడుక్కుని పోవడానికి అదేమైనా గౌనా?"

"నువ్వు నీ పేరునే వెళ్ళు. నేను మా ఊరు వెళ్ళినట్టు వెళ్ళి, వెనక్కొచ్చి ఇక్కడ నీ పేరున ఉంటాను."

తను జాడించడం ఆపింది. టాంటీ లేచి నిలబడింది. "నీకేమైనా మతిపోయిందటే? దొరికావంటే బెల్టుతో పాటు ఉద్యోగం కూడా ఊడుతుంది!"

"ఫీవర్ వార్డులో కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా గుడ్డ కట్టుకుంటాం కదా టాంటీ. దొరసాని గడప దాటి లోపలికి రాదు."

యూడోరా చేతులు దులుపుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. అప్పుడు మొదటిసారి "నువ్వు" అంది. "మరి పిలిచినప్పుడు నోరు పెగులుతుందా నీకు? మళ్ళీ గొంతులో ముల్లు దిగుతుందా?"

"పెగులుతుంది."

"మా నాన్ననడిగి చెప్తా" అని గుడ్డల బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మందుల గది దగ్గర నన్ను ఆపి, "వెళ్ళి రమ్మన్నాడు. నిన్ను క్షమించమని మాత్రం అనలేదు" అంది. నాకూ అదే న్యాయంగా తోచింది.

సెలవు మొదలైన రోజున నేను పెట్టె పట్టుకుని మెట్లు దిగుతుంటే మేట్రన్ పైనుంచి చెయ్యి ఊపింది. "మీ అమ్మగారిని అడిగానని చెప్పు" అంది. అడిగానంటోందమ్మా. నేను టొబేగో ఓడ దాకా నడిచి, పెట్టె అక్కడ సరంగు దగ్గర పెట్టి, చాకళ్ళ గేటులోంచి లోపలికి వచ్చేశాను. యూడోరా అప్పటికే అదే మూట పట్టుకుని స్కూనరు ఎక్కేసింది. ఈసారి గాలి ఉంది.

మొదటి పొద్దున దొరసాని గడప దగ్గర నిలబడి, "నర్స్ యూడోరా బెతెల్!" అంది. "హాజరు, మేడమ్" అన్నాను.

"గట్టిగా. వినపడలేదు."

"హాజరు, మేడమ్!" అని అరిచాను. ఉతుకుడు పెరట్లో టాంటీకి కూడా వినపడిందట. దొరసాని అలా వెళ్ళిపోయింది. అప్పటినుంచీ రోజూ పలుకుతూనే ఉన్నాను. ఈ వార్డులో ఎంత పని ఉందో, యూడోరా ఇన్నాళ్ళూ ఒక్కతే ఎంత ఈడ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆమెని ఇందులోకి తోసింది నేనే.

కనక నువ్వు అడిగినదానికి జవాబు ఇదమ్మా. నేను ఏ ఓడకీ రావడం లేదు. పైకప్పు రోజున పీతల కూర దగ్గర, పెద్ద సంకటి కుండ దగ్గర నీ పక్కన నేను ఉండను. నీ మోకాళ్ళతో నువ్వు ఒక్కతివే నిలబడాలి. అది తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఇన్నాళ్ళకి వచ్చిన అసలైన సెలవు ఇలా పోయిందని కూడా ఏడుపొస్తోంది, అంత స్వార్థపరురాలినే నేను. యూడోరా వచ్చాక బెల్టు పెట్టుకుని మళ్ళీ ఆడవార్డుకి వెళ్ళాలి. బెల్టు దొరసాని బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పేయాలని రోజూ అనుకుంటున్నాను. చెప్పగలనో లేదో తెలియదు. చెప్పగలనని నీకు మాట ఇచ్చి ఇంకో అబద్ధం ఆడలేను.

ఒక్కటి అడుగుతాను. మోజెస్ గారు నిచ్చెన పట్టుకుని, "పిల్ల ఏదీ?" అని తప్పకుండా అడుగుతాడు. ఒంట్లో బాగాలేదని చెప్పకు. దొరసాని పంపలేదని అసలే చెప్పకు. ఒకమ్మాయి రోజులు వాడేసుకుంది, అవి తిరిగి ఇస్తోంది అని చెప్పు. ఈస్టరుకి చర్చిలో నువ్వన్న మాట నిజం కాదని కూడా చెప్పు. నీ నోటితో చెప్పడానికి సిగ్గయితే ఈ కాగితం తమ్ముడి చేతికిచ్చి అందరి ముందూ పైకి చదివించు. ఓడల మీద మాట ఎలా తిరుగుతుందో నాకు తెలుసు. తిరిగి తిరిగి దొరసాని చెవిన పడితే పడనీ.

కోపమొచ్చినా రెండు ముక్కలు రాయమ్మా. ఈ వారంలో రాస్తే మాత్రం కవరు మీద నా పేరు వేయకు. డ్రుసిల్లా వాళ్ళ అమ్మ దగ్గర ఉందని వెనక్కి పంపేస్తారు. యూడోరా బెతెల్, ఫీవర్ వార్డు అని రాయి, నాకు అందుతుంది.

ఇట్లు,
నీ దగ్గర ఉన్నానని ఇక్కడ దొరసాని అనుకుంటున్న
నీ కూతురు
డ్రుసిల్లా